ఉయ్యాలకి చోటు చార్జీ

తెల్లవారేసరికి మంగతాయారు ఇంట్లో పెరటిగది ఒక మూర తగ్గి ఉంటుంది. నిన్నటిదాకా మంచానికీ గోడకీ మధ్య ఇత్తడి బిందె పట్టేది. ఇవాళ చెంబు కూడా పట్టదు. బిందె తనంతట తనే లేచి గడప ఇవతలికి వచ్చి నిలబడి ఉంది. తాయారు దాన్ని తీసుకెళ్ళి వంటింట్లో పెడుతుంది.

గది తగ్గినందుకు ఆవిడకేమీ ఆశ్చర్యం లేదు. గదులన్నాక పెరుగుతాయి, తరుగుతాయి. ఆవిడ ఒళ్ళు మండేది ఫోనులో వచ్చిన కబురుకి. “మీరు వెనక్కి పంపిన ఉయ్యాలను మా అరలో మళ్ళీ సర్దవలసి వచ్చింది. అందుకు చార్జీ కింద మీ పెరటిగదిలోంచి ఒక మూర చోటు తీసుకున్నాము. మీ సహకారానికి ధన్యవాదాలు.”

సహకారమట! దొంగవెధవ గోడ దూకి బిందె పట్టుకుపోతూ, వెళ్ళొస్తానండీ అని దణ్ణం పెట్టినట్టు లేదూ? అడిగారా, చెప్పారా? ఇల్లు తాయారుది, గది తాయారుది, అర వాళ్ళది. వాళ్ళ అరలో వాళ్ళ సరుకు వాళ్ళు సర్దుకోవడానికి ఈవిడ గోడ జరగడమేమిటి?

“ఏవండీ, ఇలా రండి. ఇది చూశారా?”

తాయారు భర్త పేర్రాజుకి తణుకు బస్టాండు వెనక సైకిలు షాపు ఉంది. ఆయన ఏది కొలవాలన్నా సైకిలు గొలుసుతోనే కొలుస్తాడు. గొలుసు పరిచి చూసి, మళ్ళీ చుట్టి చేతిలో పట్టుకుంటాడు.

“నిజమేనే. మూర తగ్గింది. పోనీలే, ఇంకా మంచం పడుతోందిగా.”

“పోనీలేనా? శుక్రవారం హైమ వచ్చేస్తోందండీ. తొలి కానుపు, నిండు నెలలు. దాన్ని ఎక్కడ పడుకోబెట్టమంటారు, మీ షాపులో టైర్ల మీదా?”

పేర్రాజు ఆలోచిస్తాడు. టైర్లు మెత్తగానే ఉంటాయని అనబోయి, భార్య మొహం చూసి ఊరుకుంటాడు.

ఆ గది వాళ్ళ అమ్మాయి హైమ కోసమే ఖాళీ చేశారు. పాత సామాను అటక మీదకి ఎక్కించారు, సున్నం వేయించారు, కిటికీకి దోమల తెర కొట్టించారు. తల్లీ బిడ్డా పడుకోవడానికి ఈ ఇంట్లో ఇంకో గది లేదు. ఉన్న ఆ ఒక్క గదినే ఎవడో కొసరి కొసరి కోసుకుపోతున్నాడు.

అసలు గొడవంతా ఉయ్యాలతో మొదలవుతుంది. బిడ్డ పుట్టకముందు ఉయ్యాల ఇంటికి తేరని తాయారుకి తెలియక కాదు. కానీ ఉయ్యాలలు చేసే వడ్రంగి ఇప్పుడు షాపులకి కౌంటర్లు తప్ప ఇంకేమీ చెయ్యడు. సరే, ఫోనులో తెప్పించి, పాత చీర కప్పేసి, అది ఉయ్యాల కాదన్నట్టు ఓ మూల ఉంచుదామనుకుంటుంది. బొమ్మలో అది టేకు ఉయ్యాల, చూస్తే కళ్ళు చల్లబడతాయి. అట్టపెట్టె విప్పితే వచ్చింది పాలిపోయిన చెక్క. పైగా ఒక కాలు పొట్టి. కుంటి మేకలా ఓ పక్కకి ఒరిగి నిలబడుతుంది.

ఊపి చూద్దామంటే ఖాళీ ఉయ్యాల ఊపకూడదు. అందుకని తాయారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న రుబ్బురోలు పొత్రాన్ని కడుగుతుంది. వాళ్ళిళ్ళలో బిడ్డని ఉయ్యాలలో వేసే రోజున ముందు పొత్రాన్ని పడుకోబెట్టి ఊపుతారు, బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని. తాయారు కన్నా ముందు ఈ పొత్రమే పడుకుంది. హైమ కన్నా ముందూ ఇదే పడుకుంది. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మెత్తటి పాతచీర ముక్కలో చుట్టి, ఉయ్యాలలో వేసి ఒక్క ఊపు ఊపుతుంది. ఉయ్యాల కీచుమని ఒరుగుతుంది. పొత్రం దొర్లి అంచు దాకా వస్తుంది. తాయారు రెండు చేతులా పట్టుకుంటుంది, ఆ క్షణాన అది ఆవిడ కంటికి రాయిలా కనిపించదు మరి.

“వద్దు తల్లీ వద్దు, ఈ మాయదారి ఉయ్యాల మనకొద్దు,” అని వెనక్కి పంపే మీట నొక్కుతుంది.

తీసుకెళ్ళడానికి కంపెనీ వ్యాను వేసుకుని డ్రైవరు అబ్బులు వస్తాడు. ఉయ్యాలలోంచి పొత్రాన్ని తీయబోతుంటే చెయ్యి అడ్డం పెడతాడు.

“అమ్మగారూ, ఖాళీ ఉయ్యాల ఇంట్లోంచి బయటికి పంపుతారేటండీ? నా బండి మీద నేను ఎక్కించనండి బాబూ. నాకూ పిల్లలున్నారు.”

అదీ నిజమే. ఖాళీ ఉయ్యాల గడప దాటకూడదు. బిడ్డ రాబోయే ఇంట్లోంచి అసలే దాటకూడదు. పొత్రాన్ని అందులోనే ఉంచి, వీధి చివర దాకా తాయారు కూడా నడిచి, అక్కడ తీసుకోవాలని ఇద్దరూ అనుకుంటారు. వీధి సగానికి వచ్చేసరికి ఇంట్లో పాలు పొంగుతున్న వాసన. తాయారు వెనక్కి పరుగెడుతుంది. స్టవ్ కట్టేసి వచ్చేసరికి వ్యాను లేదు, ఉయ్యాల లేదు, పొత్రం లేదు. పోనీ మళ్ళీ ఇటు వచ్చినప్పుడు అబ్బులే తెచ్చిస్తాడులే అనుకుంటుంది.

ఆ మర్నాడే గది మూర తగ్గడం.

తాయారు ఉయ్యాల పంపిన కంపెనీకి ఫోను చేస్తుంది. అవతల ఒక అమ్మాయి గొంతు, తేనెలో ముంచి తీసినట్టుంటుంది.

“మీ ఉయ్యాల వాడినది మేడమ్. అందులో బిడ్డ పడుకుందని మా తనిఖీలో తేలింది.”

“బిడ్డేవిటమ్మా? అది పొత్రం.”

“పసుపు ఉంది మేడమ్. బొట్టు ఉంది. గుడ్డ చుట్టి ఉంది. మా వాళ్ళు ఎత్తుకోగానే ఏడుపు మానేసింది. బిడ్డ పడుకున్న ఉయ్యాలని మామూలు అరలో పెట్టలేం కదండీ. గాలీ వెలుతురూ కావాలి.”

“కుంటి ఉయ్యాల పంపింది మీరు కదమ్మా?”

“కాలు పొట్టి అని మేం ఒప్పుకుంటున్నాం మేడమ్. అందుకే ఉయ్యాల ఖరీదు మీకు పైసాతో సహా వెనక్కి ఇచ్చేశాం. చోటు వేరే విషయం.”

“తప్పు మీది. గది నాదా?”

“అవును మేడమ్,” అంటుంది ఆ అమ్మాయి సంతోషంగా, చివరికి అర్థం చేసుకున్నారన్నట్టు. “ఇంకేమైనా సాయం కావాలా?”

తాయారు కోపం నషాళానికి అంటుతుంది. తిడదామంటే ఆ పిల్ల గొంతులో తిట్టడానికి ఎక్కడా పట్టు దొరకదు. ఫోను పెట్టేసి, చేతికందిన చీపురు తీసుకుని శుభ్రంగా ఉన్న వాకిలినే మళ్ళీ ఊడుస్తుంది.

పక్కింటి సీతారత్నం అది చూసి తన గుమ్మంలోంచి కిందకి దూకుతుంది. ఆవిడకి మెట్లు లేవు. కిందటి నెల చెప్పులు సరిపోక వెనక్కి పంపితే, వాటిని సర్దడానికి వీధి మెట్లు తీసుకున్నారు. అప్పటినుంచీ లోపలికి వెళ్ళాలంటే కుర్చీ వేసుకుని ఎక్కుతుంది, బయటికి రావాలంటే దూకుతుంది.

“ఊరుకో తాయారొదినా. అలవాటైపోతుంది. మొదట్లో మోకాళ్ళు నెప్పెట్టేవి. ఇప్పుడు బానే ఉంది.”

“బానే ఉందా? నీ మెట్లు నువ్వు ఎక్కడం మానేసి దూకుతూ బానే ఉందంటావేవిటి సీతారత్నం? అడగలేకపోయావూ?”

“అడిగానొదినా. అడిగినందుకు అరుగు చివర కూడా తీసుకున్నారు.”

చూశారా మరి. ఊరంతా ఇదే వరస. చీర రంగు నచ్చక పంపినవాళ్ళకి డాబా మీద బట్టలారేసుకునే చోటు పోయింది. పెన్ను రాయడం లేదని పంపినాయనకి కూర్చునే చోటు పోయి, నిలబడే అన్నం తింటున్నాడు. అందరూ పోనీలే అనేవాళ్ళే. అందరూ మోకాళ్ళకి నూనె రాసుకునేవాళ్ళే. తాయారుకి కంపెనీ మీద కన్నా వీళ్ళ మీద ఎక్కువ కోపం వస్తుంది.

పెరటిగది తరగడం ఆగదు. మంచం పట్టకుండా పోతుంది, పేర్రాజు దాన్ని హాల్లో నిలబెడతాడు. కిటికీ పోతుంది. దోమల తెర మాత్రం గోడకి మిగులుతుంది. తాయారు రాత్రీ పగలూ గోడకి వీపు ఆనించి కూర్చుంటుంది, తను ఉంటే జరగదేమోనని. గోడ ఎంతో మర్యాదగా ఆవిడని కూడా కలిపి జరుపుతుంది. శుక్రవారం పొద్దున్న గది తలుపు తీస్తే అవతల గది లేదు. తలుపు వెనక ఇంకో తలుపు ఉంది, అది నేరుగా వీధిలోకి పోతుంది.

అప్పుడే ఫోను మోగుతుంది.

“అమ్మా, బస్సెక్కేశాను. కిటికీ పక్కన సీటు దొరికింది. నడుం మాత్రం పొద్దుటినుంచీ అదో రకంగా లాగుతోందే.”

“ఏం కాదు అమ్మలూ. నువ్వొచ్చేసరికి అంతా సర్ది ఉంచుతాను,” అంటుంది తాయారు. అని, పసుపు కుంకుమల బరిణె కొంగున ముడేసుకుంటుంది. “ఏవండీ, పిల్లని బస్టాండు నుంచి మీరు తీసుకురండి.”

“ఎక్కడికి తేవాలే?” అంటాడు పేర్రాజు. ఆయన జీవితంలో ఇంత సరైన ప్రశ్న ఎప్పుడూ అడగలేదు.

“వాళ్ళ గోదాముకి. గది ఎక్కడుంటే అక్కడికి.”

అబ్బులు వ్యాను వీధి చివరే ఆగి ఉంటుంది. తాయారుని చూడగానే దిగి చేతులు నలుపుకుంటాడు.

“పొత్రం ఇచ్చేద్దావనే అనుకున్నానండాయ్. గోదాంలోకి పట్టుకెళ్ళాక ఇంక బయటికి రానివ్వలేదండి. పాలు పడుతున్నారండి దానికి.”

“ఎక్కు. బండి తియ్యి.”

గోదాము ఊరి బయట, వరిచేల మధ్య ఉంటుంది. బయటినుంచి చూస్తే రేకుల షెడ్డు. లోపలికి వెళ్తే అరలు, అరల మీద అరలు, పైకప్పు దాకా. అరల్లో ఉన్నది సరుకు కాదు, చోటు. ఒక అరలో సీతారత్నం మెట్లు ఉన్నాయి, కడిగి ముగ్గు వేసి. ఒక అరలో డాబా ముక్క ఉంది, దాని మీద ఎవరివో చీరలు ఇంకా ఆరుతున్నాయి. ఒక అరలో కూర్చునే చోట్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. ప్రతిదానికీ ఒక చీటీ, ప్రతి చీటీ మీదా ‘కొత్తది’ అని.

మూడో అరలో తాయారు పెరటిగది ఉంది. అదే సున్నం, అదే కిటికీ. చీటీ మీద ఇలా ఉంది: ‘పెరటిగది. కొత్తది. గాలి వెలుతురు బాగా వచ్చును. తల్లీబిడ్డలకు అనుకూలము.’

ఓరి మీ అఘాయిత్యం కూలా! తీసుకుపోయింది చాలక అమ్ముతున్నారు. ఆవిడ వేయించిన సున్నాన్ని ఆవిడ ఊళ్ళోవాళ్ళకే అమ్ముతున్నారు. తాయారుకి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అవి బాధతో వచ్చిన నీళ్ళు కావు.

“ఎవరయ్యా ఇక్కడ పెద్ద?”

పెద్ద పేరు చక్రధర్. మెడలో కార్డు, ఎదురుగా బల్ల. ఆ బల్ల ఎవరి ఇంట్లోంచో తెచ్చిన పూజమూలలో వేసి ఉంది, ఆయన తల వెనక గోడ మీద అగరొత్తి మసి ఇంకా ఉంది. ఆయన లేచి నిలబడి నమస్కారం పెడతాడు. ఇక్కడ మర్యాదకి ఏమీ లోటు లేదు.

“కూర్చోండమ్మా,” అని, దొంతరలోంచి ఒక కూర్చునే చోటు తీసి వేస్తాడు.

“ఎవరిదో చోటులో నేను కూర్చోను. నా గది నాకు కావాలి.”

“బిడ్డ పడుకున్న ఉయ్యాల అది. దానికి గది కావాలి. అందుకని తీసుకున్నామమ్మా.”

“అది బిడ్డేనని మీరు అంటున్నారా?”

“మేమే అంటున్నాం.”

“ఎవరి బిడ్డ?”

చక్రధర్ మెడలో కార్డు సవరించుకుంటాడు. “మీదేనమ్మా. మీ ఇంట్లోంచే వచ్చింది.”

“నా బిడ్డ నా గదిలో పడుకుని ఉంటే, అది మీ అర ఎలా అవుతుందయ్యా?”

అరల మధ్య తిరుగుతున్న పనివాళ్ళందరూ ఆగిపోతారు. చక్రధర్ నీళ్ళు నములుతాడు. నిజంగానే, పక్కన గ్లాసులో నీళ్ళు తీసుకుని చాలాసేపు నములుతాడు.

“గది మీదేనమ్మా,” అంటాడు చివరికి. “కాదనడం లేదు. గది కింద ఉన్న అర మాది. పైకి ఎక్కాలంటే దానికి వేరే చార్జీ.”

“తీసుకో. ఏం తీసుకుంటావో తీసుకో. నా ఇంట్లో ఇంక నీకు దొరికేది నేనొక్కదాన్నే. నన్ను ఏ అరలో సర్దుతావో నేనూ చూస్తాను.”

నిచ్చెన వేయమని అబ్బులుకి చెప్పి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని తాయారు ఎక్కుతుంది. ఆపుదామని ఒకడు చెయ్యి చాపుతాడు. ఆవిడ చూసిన చూపుకి ఆ చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళిపోతుంది.

గదిలో కుంటి ఉయ్యాల ఉంది. ఉయ్యాలలో పొత్రం ఉంది. బొద్దుగా తయారైంది. పెదవుల దగ్గర పాలచార. ‘కొత్తది’ అని దానికీ ఒక చీటీ కట్టారు, పసిదాని మెడకి తాయెత్తు కట్టినట్టు. తాయారు ఆ చీటీని తెంపి కిటికీలోంచి పారేస్తుంది. పొత్రం నిద్రలో నోరు చప్పరిస్తుంది.

అంతలో కింద సైకిలు గంట. పేర్రాజు హైమని రిక్షాలో కూర్చోబెట్టి, పక్కన తను సైకిలు మీద వస్తాడు. హైమ మొహం చెమటలతో నిండి ఉంది.

“అమ్మా! నెప్పులు మొదలైపోయాయే. ఎక్కడున్నావు?”

“ఇక్కడే అమ్మలూ. మన గదిలోనే. పైకి రా.”

నిండు నెలల పిల్ల నిచ్చెన ఎలా ఎక్కుతుందని ఎవరికీ అడగాలనిపించదు. సీతారత్నం మెట్లు వాటంతట అవే వాటి అరలోంచి జారి, నేల మీదకి దిగి, మూడో అరకి ఆనుకుంటాయి. హైమ ముగ్గు తొక్కకుండా జాగ్రత్తగా ఎక్కి వస్తుంది.

“నిలబడి చూస్తారేటండీ?” అని అబ్బులు చక్రధర్ మీద కేకలేస్తాడు. “వేణ్ణీళ్ళు పెట్టించండి. అవతల ఆడపిల్ల కేకలేత్తంటే!”

చక్రధర్ వేణ్ణీళ్ళు తెస్తాడు. ఆ నీళ్ళకి చార్జీ అడగాలని నోరు తెరుస్తాడు గానీ, పైనుంచి హైమ పెట్టిన కేకకి ఆ మాట లోపలికి వెళ్ళిపోతుంది. అరలన్నీ ఒక్కసారి వణుకుతాయి. డాబా మీద చీరలు రెపరెపలాడతాయి. తరవాత చిన్న ఏడుపు. ఆడపిల్ల.

తాయారు మనవరాలిని తుడిచి గుండెకి హత్తుకుంటుంది. ఎర్రగా, అరచెయ్యంత మొహం, పిడికిళ్ళు బిగించి ఉంది. ఈ పిల్లని చూస్తే ఇన్నాళ్ళ కోపం కరిగిపోవాలి. కరగదు. ఈ పిల్ల నిలవడానికి నేల లేకుండా చేశారే అని ఇంకా ఎక్కువవుతుంది. అరలో ఇరికించిన గదిలో హైమ పడుకోగా ఇంక చాప పరచడానికి కూడా చోటు లేదు. పదకొండో రోజు దాకా ఆగుదామంటే ఆగే వీలు లేదు. ఇప్పుడే ఉయ్యాలలో వెయ్యాలి.

చక్రధర్ మెట్ల మీద నిలబడి తొంగి చూస్తాడు. ఆయన మొహంలో జాలి ఉంది, నిజమైన జాలి.

“చూడచక్కగా ఉందమ్మా పాప. కానీ ఉయ్యాలలో ఒక బిడ్డకే చోటు. అది నిండి ఉంది. రెండో బిడ్డకి చోటు కావాలంటే ఎక్కడినుంచైనా తీసుకోవాలి. పాపకి ముందు ముందు ఆడుకునే చోటు ఉంటుంది కదా, అందులోంచి…”

“నోరు ముయ్యి,” అంటుంది తాయారు.

గొంతు పెంచదు. ఉయ్యాల దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. కుంటికాలి వైపు ఉయ్యాల ఒరిగి ఉంది. పొత్రం ఆ వైపుకే దొర్లి, గుడ్డ కప్పుకుని నిద్రపోతోంది. తాయారు దాన్ని లేపదు. బరిణె విప్పి దాని నుదుట మళ్ళీ బొట్టు దిద్దుతుంది. అదే వేలితో మనవరాలికి కూడా పెడుతుంది.

“అమ్మా నా తల్లీ,” అంటుంది పొత్రంతో. “నా ముందు నువ్వే, దీని అమ్మ ముందు నువ్వే. ఇదిగో, ఇది వచ్చింది.”

పొత్రం కళ్ళు తెరవదు. నిద్రలోనే నిట్టూర్చి, మెల్లగా అవతలి పక్కకి జరుగుతుంది. దాని బరువుకి ఉయ్యాల నిటారుగా అయి, సరిగ్గా ఉన్న మూడు కాళ్ళ మీదా కదలకుండా నిలబడుతుంది. ఇవతల సరిగ్గా ఒక బిడ్డ పట్టేంత ఖాళీ. తాయారు అందులో మనవరాలిని పడుకోబెడుతుంది.

చక్రధర్ ఆ ఖాళీ వంక చూస్తూ, దాన్ని ఎవరి నుంచి తీసుకున్నట్టు అని అడుగుతాడు. గుడ్డలోంచి నల్లటి చిన్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి, తన మీది గుడ్డలో సగం లాగి పాప మీద కప్పుతుంది.